ఉన్న ఒక్క నున్నటి జాగా పోయింది: హన్మకొండ, కాజీపేట స్కేటర్లు ఇప్పుడు ఎక్కడ తొక్కాలి?

కాజీపేట_పోరడు | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఇవాళ పొద్దున ఆరింటికి ఎప్పటిలాగే స్కేట్‌బోర్డు పట్టుకుని పోతే గేటుకు కొత్త తాళం కనబడింది. కొత్తవాళ్ల కోసం చెప్తున్నా, హన్మకొండలో ఒక షాపింగ్ కాంప్లెక్స్ వెనక పార్కింగ్ అది, పేరు ఇక్కడ రాయను. రెండేళ్లుగా మేం ఏడెనిమిది మందిమి అక్కడే నేర్చుకున్నాం. ట్రైమిక్స్ (కాంక్రీటులో ఎక్కువ నీళ్లు లాగేసి మిషన్‌తో నున్నగా చేసేది) వేసిన ఫ్లోరు, చెయ్యి పెడితే జారిపోతుంది, దాని చివర మూడు గ్రానైట్ మెట్లు, మెట్ల పక్కన మోకాలెత్తు గట్టు. ఒక్క మెట్టు మీంచి ఓలీ (చేత్తో పట్టకుండా బోర్డుతో సహా గాల్లోకి ఎగరడం) కొట్టి నిలబడడానికి నాకు నాలుగు నెలలు పట్టింది, మూడూ కలిపి దూకడానికి ఇంకో ఏడు నెలలు. మొదటిసారి పడకుండా దిగిన రోజు నాలుగు చక్రాలూ ఒకేసారి నేలను తాకిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

వాచ్‌మన్ తాతను అడిగితే "ఓనర్ సారు వేయించిండు బిడ్డా, నా చేతిల ఏం లేదు" అన్నాడు. కారణం ఆయనకూ తెలియదట. మేం అక్కడ ఎవరితోనూ గొడవ పడలేదు, సిగరెట్లు లేవు, స్పీకర్లో పాటలు పెట్టింది లేదు. మనసుకు చాలా కష్టంగా ఉంది.

కాజీపేట నుంచి వరంగల్ దాకా నాకు తెలిసిన జాగాలన్నీ ఈ సాయంత్రం తిరిగొచ్చాను. ఫుట్‌పాత్‌ల మీద ఎక్కడ చూసినా పేవర్ బ్లాకులే, సీసీ రోడ్లకు అడ్డంగా చీపురు గీతలు, వాటి మీద బండ్లు ఆగవు. భద్రకాళి బండ్ మీద పొద్దున, సాయంత్రం వాకింగ్‌కు వచ్చే పెద్దవాళ్లు ఉంటారు, వాళ్ల మధ్యలోంచి పోవడం నాకు ఇష్టం లేదు. మీకు తెలిసిన నున్నటి నేల ఎక్కడైనా ఉంటే చెప్పండి. అసలు మనమంతా కలిసి కార్పొరేషన్‌కు స్కేట్ పార్కు కోసం అర్జీ పెడితే ఎలా ఉంటుంది?


ఎనిమిది_బేరింగులు | ఆదివారం, రాత్రి 9:40

తమ్మీ, చదివి బాధేసింది. నేను ఆ జాగాకు మూడుసార్లే వచ్చాను కానీ ఆ నేల ఎట్లాంటిదో తెలుసు. బయటివాళ్లకు ఇది అర్థం కాదు. "ఇంత పెద్ద ఊళ్లో జాగా లేదా" అంటారు. మన చక్రం 52 మిల్లీమీటర్లు, గోటితో నొక్కితే దిగనంత గట్టిది. దాని కింద శనగగింజంత కంకర రాయి పడితే చాలు, బోర్డు అక్కడే ఆగిపోతుంది, మనిషి మాత్రం ముందుకు పోతాడు. సైకిల్ టైరు మింగేసే గుంతను మన చక్రం మింగలేదు. ఫ్రెండ్స్ ఇంటికి, ట్యూషన్‌కు పోవడానికే అయితే 78ఏ మెత్త చక్రాలు (ఆ నంబరు చక్రం గట్టిదనానికి కొలత, పెరిగేకొద్దీ గట్టి) వేసుకోండి, సీసీ రోడ్డు మీద కూడా నడుస్తాయి. ట్రిక్కులకు మాత్రం 99ఏ గట్టి చక్రం, దానికి తగ్గ నేల, వేరే దారి లేదు.


ఫోర్ట్_రోడ్ | ఆదివారం, రాత్రి 10:05

జాగాల మాట వచ్చింది కాబట్టి ఒకటి ముందే చెప్పేస్తాను, కొత్తగా చేరినవాళ్లలో ఎవరో ఒకరు ఎప్పుడూ అడుగుతారు. కోట తోరణాల దగ్గర, వేయి స్తంభాల గుడి అరుగుల మీద దయచేసి బోర్డు దింపొద్దు. నేను కోట లోపలి ఊళ్లోనే పుట్టి పెరిగాను. ఆ నల్లరాయి ఎంత నున్నగా ఉంటుందో నాకు తెలుసు, చిన్నప్పుడు ఎండాకాలం పొద్దునపూట దానికి చెంప ఆనించి చల్లగా ఉందని పడుకునేవాళ్లం. ఆ గుడి 1163లో రుద్రదేవుడు కట్టించింది. ఇన్ని వందల ఏళ్లు నిలిచిన రాతి అంచును మన ట్రక్కు, అంటే బోర్డు కింద చక్రాలను పట్టే లోహపు భాగం, ఒక్క గ్రైండ్‌తో (అంచు మీద రాసుకుంటూ జారడం) గీకేస్తుంది, ఆ గీత మళ్లీ పోదు. ఇవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు, 1958 చట్టం కింద పాడు చేస్తే జైలు కూడా ఉంది. కానీ కేసుకు భయపడి కాదు, మనది అనుకుని వదిలేయండి.


పార్కు_కావాలి | ఆదివారం, రాత్రి 10:31

అర్జీ పెట్టాల్సిందే, నేను మొదటి సంతకం పెడతాను. ఇది పోకిరీల ఆట అనుకునే రోజులు పోయాయి. 2021లో టోక్యోలో మొదటిసారి ఒలింపిక్స్‌లో పెట్టారు, అమ్మాయిల స్ట్రీట్ విభాగంలో (మెట్లు, గట్ల మీద తొక్కేది) బంగారు పతకం గెలిచిన జపాన్ పిల్ల మొమిజి నిషియాకు 13 ఏళ్లు, రజతం గెలిచిన బ్రెజిల్ పిల్ల రైసా లియల్‌కూ 13 ఏళ్లే. 2024 పారిస్‌లో పార్క్ విభాగం (గిన్నెలాంటి వంపుల్లో తొక్కేది) గెలిచిన ఆస్ట్రేలియా అమ్మాయి అరీసా ట్రూకు 14. మన దేశంలో 2022 గుజరాత్ జాతీయ క్రీడల్లో కూడా స్కేట్‌బోర్డింగ్ ఉంది. మన పిల్లలు ఎక్కడ నేర్చుకోవాలి? హైదరాబాద్‌లో వాల్‌రైడ్ అనే స్కేట్ పార్కు ఉంది, నిజమే, కానీ 145 కిలోమీటర్లు పోయి రెండు గంటలు తొక్కి తిరిగి రావాలంటే ఒక రోజు, బస్సు చార్జీలు, ఇంట్లో తిట్లు.

ఇంకో సంగతి, మన దేశంలో ఈ ఆట రోలర్ స్కేటింగ్ సమాఖ్య కిందే నడుస్తుంది. అందుకని మనం విడిగా పోయే బదులు ఇక్కడ పిల్లలకు రోలర్ స్కేటింగ్ నేర్పే కోచ్‌లను కలుపుకుని పోతే అధికారులు కూర్చోబెట్టి మాట్లాడతారు.


సుబేదారి_అక్క | సోమవారం, ఉదయం 7:02

అర్జీ వద్దనను, రాయండి, నేనూ సంతకం పెడతా. కానీ అర్జీ మీదే ఆశ పెట్టుకుని కూర్చుంటే మన మోకాళ్లు తుప్పు పడతాయి. ఫైలు కదలాలి, స్థలం చూడాలి, టెండరు పిలవాలి, కాంట్రాక్టరుకు రాంపు వంపు ఎట్లా పోయాలో తెలియాలి. వంపులో రెండంగుళాలు తప్పుగా పోస్తే ఆ పార్కు మీద ఎవరూ తొక్కరు.

నాకు 31 ఏళ్లు, ఇరవై తొమ్మిదిలో మొదలుపెట్టాను, బ్యాంకు ఉద్యోగం. మొదటి ఆరు నెలలు నా కష్టం బోర్డుతో కాదు, చూపులతో. టీ తాగేవాళ్లు ఆగి చూస్తారు, ఫోన్ బయటికి తీస్తారు, పడితే నవ్వుతారు. అందుకే పొద్దున అయిదున్నరకు పోవడం అలవాటైంది. ఇప్పుడు మాతో నలుగురు అమ్మాయిలు వస్తున్నారు, అందులో ఇద్దరు ఇంటర్. ఆ పార్కింగ్ పోతే మగపిల్లలకు ఇంకో జాగా దొరకొచ్చు, అర్ధరాత్రి ఏ రోడ్డు మీదైనా తొక్కుకుంటారు. మా అమ్మాయిలకు గేటు, లైటు, తెలిసిన వాచ్‌మన్ ఉన్న జాగా అదొక్కటే. ఈ నష్టం కూడా లెక్కలోకి తీసుకోండి.

మధ్యప్రదేశ్‌లో పన్నా జిల్లా జన్వార్ ఊళ్లో 2015లో ఉల్రికే రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ స్కేట్ పార్కు కట్టించారు, చాలామందికి తెలిసే ఉంటుంది. అక్కడ రెండే నియమాలు పెట్టారు. బడికి పోనివాళ్లకు బోర్డు లేదు, బోర్డు ఎక్కడంలో ఆడపిల్లలు ముందు. సిమెంటు కన్నా ఆ రెండు నియమాలే ఆ ఊరిని మార్చాయని నేను నమ్ముతాను. మనం కట్టినా, అడిగి కట్టించుకున్నా, ఆ రెండోది మనకూ కావాలి.


బెంగళూరు_నుంచి | సోమవారం, ఉదయం 8:15

నేను వరంగల్‌లో చదువుకుని ఇక్కడికి వచ్చాను. అక్క చెప్పింది నిజం. ఇక్కడ హోలీస్టోక్డ్ అనే స్కేటర్ల బృందం ఉంది, వాళ్లు ఎవరో వచ్చి కట్టిస్తారని చూడలేదు, తామే సిమెంటు కలిపి, తాపీ పట్టి పార్కులు పోశారు. తొక్కేవాడి చేతికే వంపు తెలుస్తుంది.


హంటర్_రోడ్_అమ్మ | సోమవారం, మధ్యాహ్నం 1:20

నేను స్కేటర్‌ను కాదండీ, మా బాబు కోసం చదువుతున్నాను. వాడికి 11 ఏళ్లు. పుట్టినరోజుకు ఆన్‌లైన్‌లో పద్నాలుగు వందలకు ఒక బోర్డు కొన్నాం. ఎంత తోసినా రెండు గజాలు పోయి ఆగిపోతుంది, వాడు ముందుకు తూలి మొన్న చెయ్యి ఆనించి పడ్డాడు. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు కొంచెం వాపు ఉంది. మా అత్తయ్య పసరు కట్టు కట్టిద్దాం అంటున్నారు. వాడేమో ఈలోపే ఓలీ నేర్చుకుంటానని గోల. ఏం చేయాలో టెన్షన్‌గా ఉంది, పెద్దవాళ్లు ఎవరైనా చెప్పండి.


కీళ్లు_కండరాలు | సోమవారం, మధ్యాహ్నం 2:04

అమ్మా, నేను ఫిజియోథెరపిస్టును, బోర్డు కూడా తొక్కుతాను. మిగతావన్నీ పక్కన పెట్టి ఈ సాయంత్రమే ఎముకల డాక్టరుకు చూపించండి. బొటనవేలు పైకి చాపితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది, అక్కడ నొక్కితే నొప్పి ఉంటే లోపల స్కాఫాయిడ్ అనే చిన్న ఎముకకు దెబ్బ తగిలి ఉండొచ్చు. ఆ పగులు మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా, అందుకే డాక్టర్లు ముందు పట్టీ వేసి పది, పన్నెండు రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. ఆ ఎముకకు రక్తం అందడమే తక్కువ, అతుక్కోకపోతే జీవితాంతం నొప్పి ఉంటుంది. పసరు కట్టు వద్దు, బిగించి కడితే వేళ్లకు రక్తం ఆగే ప్రమాదం వేరే ఉంది. మీ అత్తయ్య గారికి నా మాటగా చెప్పండి, ఆవిడ ప్రేమతోనే అంటున్నారు, కానీ ఇది పసరుతో తగ్గేది కాదు.

ఇక పడడం గురించి. ఈ ఆటలో పడకుండా ఎవరూ నేర్చుకోలేదు, కాబట్టి ముందు పడడమే నేర్పాలి. పడబోతున్నామని తెలియగానే చేతులు చాచి నేలను ఆపబోతాం, అది ప్రతి మనిషికీ సహజం, దానితోనే మణికట్టు పోతుంది. మోచేతులు, మోకాళ్లు వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, భుజం మీదుగా దొర్లాలి. ఇంట్లో పరుపు మీద వంద సార్లు చేయించండి. హెల్మెట్ ఎప్పుడూ ఉండాలి, తల వెనక భాగాన్ని కూడా కప్పేది. మణికట్టుకు ప్లాస్టిక్ పట్టీ ఉన్న గార్డులు కొనండి. చెప్పులతో బోర్డు ఎక్కనివ్వొద్దు, అడుగు బల్లపరుపుగా ఉన్న షూ కావాలి, రన్నింగ్ షూ కూడా పనికిరాదు.


ఎనిమిది_బేరింగులు | సోమవారం, రాత్రి 8:30

అమ్మా, ముందు బాబు చెయ్యి చూపించండి. బోర్డు సంగతి నేను చెప్తా, నాది మోటారు వైండింగ్ పని, ఇదే నా చేతి విద్య.

బోర్డును తిరగేసి చక్రాన్ని వేలితో గట్టిగా తిప్పండి. మంచి చక్రం చాలాసేపు తిరుగుతుంది, మీది రెండు చుట్లకే ఆగితే లోపల బేరింగే లేకపోవచ్చు, లేదా తుప్పు పట్టిందన్నా అయ్యుండొచ్చు. చక్రాలను పట్టే ఇరుసు భాగాన్ని ట్రక్కు అంటాం, అది ప్లాస్టిక్‌ది అయితే ఆ బోర్డు బొమ్మే, దాని మీద ఇంకో రూపాయి పెట్టొద్దు. లోహంది అయితే బతికించొచ్చు. స్కేట్‌బోర్డు బేరింగుకు 608 అని నంబరు. లోపలి రంధ్రం 8, బయటి చుట్టు 22, మందం 7 మిల్లీమీటర్లు. ప్రత్యేకంగా స్కేట్ షాపు అక్కర్లేదు, డ్రిల్ మిషన్లలో వాడే సైజే, బేరింగుల దుకాణంలో నంబరు చెప్తే ఇస్తారు. ఒక బోర్డుకు ఎనిమిది కావాలి.

పాతవి ఉన్నవాళ్లు పారేయొద్దు. పక్కనున్న రబ్బరు మూతను గుండుసూదితో లేపండి, థిన్నర్‌లో వేసి గాజు సీసా ఊపండి, నల్లటి మడ్డి దిగిపోతుంది. కాగితం మీద ఆరబెట్టి, ఒక్కోదానికి రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె. ఎక్కువ పోస్తే దుమ్ము పట్టి మళ్లీ అదే కథ. మన ఊళ్లో దుమ్ముకు ఎండాకాలం నెలకోసారి, వానలో తడిస్తే అదే రోజు చేయాలి. చెక్క కూడా తడవకూడదు. మంచి డెక్, అంటే మనం నిలబడే పలక, ఏడు పొరల మేపుల్ చెక్కను జిగురుతో అతికించి చేస్తారు, నీళ్లు తాగితే పొరలు విడిపోయి బోర్డు స్ప్రింగులా ఎగరడం మానేస్తుంది.

ఓలీకి తొందర లేదని బాబుకు చెప్పండి. అలన్ గెల్ఫాండ్ 1970ల చివర్లో ఫ్లోరిడాలో వంపు గోడల మీద మొదట కొట్టాడు, దాన్ని చదును నేల మీదికి తెచ్చింది రాడ్నీ ముల్లెన్, అది 1980ల మొదట్లో. అంటే గోడ మీంచి నేల మీదికి రావడానికి ఆటకే కొన్నేళ్లు పట్టింది. ముందు నిలబడి పుష్ చేయడం (ఒక కాలితో నేలను తన్ని ముందుకు పోవడం), వంగి మలుపు తిరగడం, కాలు కిందపెట్టి ఆపడం, ఈ మూడూ నెల రోజులు.


హంటర్_రోడ్_అమ్మ | సోమవారం, రాత్రి 10:48

చూపించామండీ. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు కానీ మీరు చెప్పినట్టే పట్టీ వేసి రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ట్రక్కులు ప్లాస్టిక్‌వే. బాబు ఏడ్చాడు.


జమ్మికుంట_కల్లం | మంగళవారం, ఉదయం 6:40

అన్నలూ, అక్కలూ, నేను ఇక్కడ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. నాకు ఒక జాగా ఉంది.

మా మేనమామది పాత బాయిల్డ్ రైస్ మిల్లు. వెనకటికి ఉడకబెట్టిన వడ్లు ఆరబోయడానికి అర ఎకరం పైన సిమెంటు కల్లం పోయించారు. ఇప్పుడు డ్రయ్యర్లు వచ్చాక ఆరబోసే పని బాగా తగ్గింది, కల్లం ఏడాదిలో చాలా నెలలు ఖాళీ. ఏళ్ల తరబడి వడ్లను పారతో లాగి, కాళ్లతో తొక్కి, ఊడ్చి ఊడ్చి ఆ సిమెంటు ఎట్లా అయిందంటే, మధ్యాహ్నం వెలుగులో నీళ్లు పోసినట్టు మెరుస్తుంది. వాన నీళ్లు పోవడానికి ఒక పక్కకు కొంచెం వాలు పెట్టారు, పై మూల నుంచి ఒక్క పుష్ ఇస్తే చివరిదాకా కాలు కదపకుండా పోవచ్చు. ముక్కల మధ్య సందుల్లో తారు పోశారు, ఎండకు తారు మెత్తబడి కొంచెం కుంగుతుంది, వాటిని నిటారుగా దాటాలి, ఏటవాలుగా పోతే చక్రం పట్టేస్తుంది. అది నా మోచేతికి బాగా తెలుసు.

నేను ఒక్కడినే తొక్కుతాను, మూడేళ్లుగా. వీడియోలు చూసి నేర్చుకున్నవే అన్నీ. పక్కన ఎవరైనా తొక్కుతుంటే ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. మామను అడిగాను, హమాలీలకు అడ్డం రాకపోతే రమ్మను అన్నాడు. కానీ ఏప్రిల్‌లో యాసంగి వడ్లు మొదలైతే కల్లం నిండిపోతుంది, మళ్లీ వానలు పడేదాకా కుదరదు. అంటే మనకు మూడు ఆదివారాలే ఉన్నాయి. ఎనిమిదిన్నర దాటితే నేల కాలుతుంది, పొద్దున్నే రావాలి. కాజీపేటలో రైలెక్కితే జమ్మికుంటకు గంట లోపే, స్టేషన్ నుంచి ఆటోలో పది నిమిషాలు.


సుబేదారి_అక్క | మంగళవారం, ఉదయం 7:15

తమ్ముడూ, ఈ ఆదివారమే వస్తాం. అమ్మాయిలం అయిదుగురం. బాత్రూమ్ ఉందా చెప్పు, అది తెలియాలి ముందు.


జమ్మికుంట_కల్లం | మంగళవారం, ఉదయం 7:21

ఆఫీసు గది పక్కన ఉంది అక్కా. అత్తయ్య కూడా ఉంటుంది ఆ రోజు, చెప్పి ఉంచుతాను.


గోడ_అవతల | మంగళవారం, రాత్రి 10:20

నేను మీ ఆటవాణ్ని కాదు. మా అన్న కొడుకు ఈ చర్చ చూపిస్తే చదివాను. మొదట రాసిన అబ్బాయి కారణం తెలియదని రాశాడు కాబట్టి నేనే చెప్తున్నాను. ఆ పార్కింగ్ గోడకు ఆనుకుని ఉన్న ఇల్లు మాది. తాళం వేయించమని ఓనర్‌ను అడిగినవాళ్లలో నేను ఒకణ్ని.

మా బాపుకు పక్షవాతం వచ్చి ఏడాదిన్నర. రాత్రంతా నిద్ర పట్టదు, తెల్లవారుజామున నాలుగు దాటాక కన్ను మూతపడుతుంది. ఆయన మంచం మీ మెట్లకు సరిగ్గా అవతల, తొమ్మిది అంగుళాల గోడ ఒక్కటే మధ్యలో. మీరు ఆరింటికి వస్తారు. ఒక్కో దూకుడుకు ఆయన ఒళ్లంతా ఉలిక్కిపడుతుంది, ఆడే చెయ్యి మంచం పట్టెకు కొట్టుకుంటుంది. మాట రాదు కాబట్టి ఏమీ అనలేడు, నా వైపు చూస్తాడు. మంచం జరుపుదాం అంటే ఆక్సిజన్ మిషన్ ప్లగ్గు ఆ గోడకే ఉంది, వేరే గదిలో స్థలం లేదు.

రెండోది, ఆ మెట్ల మీద, గట్టు మీద మీరు మైనం రుద్దారు. పై అంతస్తులో కుట్టుపని చేసుకునే ఒక పెద్దామె పోయిన నెల అక్కడ జారి కూర్చుండిపోయింది. ఎముక విరగలేదు, కానీ మోకాలు వాచి వారం రోజులు మిషన్ తొక్కలేకపోయింది. మీరు చెడ్డ పిల్లలని నేను ఎక్కడా అనలేదు. ఎవరైనా ఒకరు గోడ ఇవతలికి వచ్చి అడుగుతారేమో అని చాలా రోజులు చూశాను.


కాజీపేట_పోరడు | మంగళవారం, రాత్రి 11:58

అన్నా, గంటన్నర నుంచి ఇది రాస్తూ చెరిపేస్తున్నాను. ఏ చప్పుడు గురించి నేను పైన అంత సంతోషంగా రాసుకున్నానో, మీ బాపు నిద్ర పోయింది దానికే. గోడ అవతల ఇల్లు ఉందని తెలుసు, అందులో ఎవరున్నారని రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆ మెట్ల మీద కొవ్వొత్తి రుద్దింది నేనే, వేరే ఎవరూ కాదు. ట్రక్కు జారాలంటే రుద్దుతాం, జనం నడిచే మెట్టు మీద రుద్దకూడదనే ఆలోచన రాలేదు. క్షమించండి. రేపు సాయంత్రం ఇంటికి వచ్చి కలవొచ్చా? ఆ పెద్దమ్మ దగ్గరికి కూడా పోతాను. ముందు ఆ మైనం తీయాలి.


రాతి_అంచు | బుధవారం, ఉదయం 9:10

కరీంనగర్ నుంచి. గ్రానైట్ కోసే యూనిట్‌లో పని చేస్తాను. పాలిష్ రాయి మీద మైనం గీకడానికి బ్లేడు, ఇనుప పీచు వాడొద్దు, మెరుపు పోతుంది. పాత ఏటీఎం కార్డుతో పైపొర గీకండి, తర్వాత పాత న్యూస్‌పేపర్ నాలుగు మడతలు వేసి దాని మీద ఇస్త్రీ పెట్టె సన్నటి వేడితో ఆనించండి, మైనం కరిగి కాగితం పీల్చుకుంటుంది. చివర వేడినీళ్లు, గిన్నెల సబ్బు, పొడి గుడ్డ. తడి ఆరాక అరచేత్తో రుద్ది చూడండి, చెయ్యి ఎక్కడైనా జారితే మళ్లీ మొదటి నుంచి.

ఇంకోటి. మీకు గట్టే కావాలంటే వేరేవాళ్ల మెట్లు ఎందుకు? మా దగ్గర స్లాబులు కోశాక మిగిలిన ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి, యజమానిని అడిగితే రెండు తీసుకుపొమ్మన్నారు. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం, ఒక్కోటి ఇరవై కిలోల దాకా ఉంటుంది. పదునైన అంచు ట్రక్కు దెబ్బకు పెచ్చులు ఊడుతుంది కాబట్టి నేనే గ్రైండర్‌తో 5 మిల్లీమీటర్ల ఏటవాలు కొట్టి పాలిష్ పట్టి ఇస్తా. కింద సిమెంటు ఇటుకలు ఖాళీ లేకుండా పేర్చి, పూర్తిగా ఆనేలా పెట్టాలి. మధ్యలో బోలు ఉంటే మొదటి రోజే పగులుతుంది. జమ్మికుంట మాకు దూరం కాదు, ఆదివారం బండి మీద తెస్తాను. మీ కొవ్వొత్తి దాని మీద ఎంతైనా రుద్దుకోండి.


కాజీపేట_పోరడు | గురువారం, రాత్రి 9:30

నిన్న పోయి వచ్చాను. అక్క, నేను, ఇంకో ఇద్దరం. వాచ్‌మన్ తాత తాళం తీసి కరెంటు కోసం వైరు కూడా ఇచ్చాడు. మూడు మెట్లకు, గట్టుకు కలిపి రెండున్నర గంటలు పట్టింది. కాగితం తీసినప్పుడల్లా పసుపు మరక పెద్దదవుతుంటే, ఇంత రుద్దానా అని సిగ్గేసింది. కుట్టుపని పెద్దమ్మ పైనుంచి చూసి దిగి వచ్చింది, మెట్టు మీద తనే నడిచి చూసి "ఇప్పుడు మంచిగైంది" అని పైకి పోయింది. అంతకన్నా ఏమీ అనలేదు.

గోడ అవతల అన్న ఇంట్లో బాపును చూశాను. ఆయన కాసేపు నా ముఖం చూసి, కింద నా చేతిలో ఉన్న బోర్డు వైపు చూశారు. చేతికి ఇస్తే వేలితో ఒక చక్రం తిప్పారు, అది ఆగేదాకా చూశారు.

ఓనర్ సార్ కూడా వచ్చారు. గేటు తీస్తానని చెప్పలేదు, చూద్దాం అన్నారు. మేం ఒకటే అడిగాం. సాయంత్రం అయిదు నుంచి ఏడు, మెట్ల వైపు పోకుండా గేటు వైపు సగం మాత్రమే, దూకుళ్లు లేవు, కొత్తవాళ్లకు పుష్ నేర్పడానికి. అది కూడా బాపుకు ఇబ్బంది లేదని అన్న చెప్తేనే. అర్జీ కూడా రాస్తున్నాం, పార్కు_కావాలి అన్న మొదటి కాగితం పంపాడు, అందులో అమ్మాయిలకు ముందు వరుస అన్న మాట చేర్చాం.

ఆదివారం జమ్మికుంటకు ఇప్పటికి పదకొండు మందిమి. చీపుర్లు రెండు కావాలి, కల్లం మీద వడ్ల గింజలు, రాళ్లు ఊడ్చాకే బోర్డు దింపుతాం. హెల్మెట్ లేనివాళ్లు ముందే చెప్పండి, నా దగ్గర ఒకటి ఎక్కువ ఉంది.


హంటర్_రోడ్_అమ్మ | గురువారం, రాత్రి 9:52

బాబును ఊరికే చూడ్డానికి తీసుకురావచ్చా? చేతికి పట్టీ ఉంది, బోర్డు ఎక్కనివ్వను. మిగతావాళ్లు పడి లేవడం ఒకసారి వాడు కళ్లతో చూస్తే బాగుంటుంది.


ఎనిమిది_బేరింగులు | గురువారం, రాత్రి 10:01

తీసుకురండమ్మా. బేరింగులు కడగడానికి ఒక చెయ్యి చాలు, వాడికి ఆ పని నేర్పుతా.


గోడ_అవతల | గురువారం, రాత్రి 10:35

బాపు ఈ వారం రోజూ ఏడు దాటేదాకా పడుకుంటున్నాడు. సాయంత్రం సంగతి ఆలోచించి చెప్తాను, రెండు రోజులు చూడాలి. మా అన్న కొడుకు ఆదివారం మీతో వస్తానంటున్నాడు, వాడికి 15. బోర్డు లేదు.


కాజీపేట_పోరడు | గురువారం, రాత్రి 10:41

నా పాత బోర్డు ఉంది అన్నా. ముక్కు కొంచెం అరిగింది, చక్రాలు బాగానే ఉన్నాయి, బేరింగులు ఈ రాత్రి కడిగి పెడతా. బల్లపరుపు అడుగున్న షూ వేసుకుని రమ్మనండి. పొద్దున అయిదున్నరకు కాజీపేట స్టేషన్ ముందు ఉంటాం.